పెట్టెల్లో వూళ్ళు తిరిగే ప్రాగ్

మన వాళ్ళకు ఎగ్జిబిషన్ అనగానే గుర్తుకు వచ్చేది నాంపల్లి. జనవరి చలి, రంగుల రాట్నం, మిరపకాయ బజ్జీలు, కాశ్మీరు శాలువలు, చెయ్యి వదిలితే తప్పిపోయే పిల్లలు. 1938లో మొదలైన ఆ నుమాయిష్ వున్నచోటనే వుంటుంది. జనమే దాని దగ్గరకు వెళ్ళాలి. అలాకాక, తానే పెట్టే బేడా సర్దుకుని జనం దగ్గరకు వచ్చే ఎగ్జిబిషన్లు కూడా వున్నాయి. పూర్వం సురభి వారు తెరలూ, కిరీటాలూ, పిల్లా జెల్లాతో సహా బండి కట్టుకుని వూరూరా దిగేవారు చూడండి, అలాగన్న మాట. పెళ్ళికి పందిరి సామాను తెచ్చుకున్నట్లు, వీటిని అడిగి తెచ్చుకోవచ్చు; ఆడించుకుని మళ్ళీ అప్పగించవచ్చు. చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరంలో నేను తెలుసుకున్న సంగతులలో ఇది ఒకటి.

అంత దూరం ఎందుకు వెళ్ళానంటే, మా మేనల్లుడు అక్కడ కంప్యూటర్ల కంపెనీలో వుద్యోగం చేస్తున్నాడు. "మామయ్యా, అత్తయ్యను తీసుకుని ఒక్క నెల వచ్చి వుండండి" అని మూడేళ్ళుగా పోరుతున్నాడు. వెళ్ళేటప్పుడు నా సంచిలో రెండు పనులు వున్నాయి. మొదటిది, మా వూరి గ్రంథాలయానిది. వార్షికోత్సవానికి ఉపన్యాసాలూ, శాలువలూ కాక మరేదైనా కొత్తగా పెట్టాలని కమిటీ వారి కోరిక. "మీరు వెళ్ళేది కళల నగరం గదా, అక్కడి నుంచి ఏదైనా పట్టుకురండి" అన్నారు. రెండవది, కాగితాలు. మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు అమ్మకానికి వచ్చింది. పైకప్పు కురుస్తోంది, వాటాలు అయిదు, బాగు చేయించే స్తోమత ఒక్కరికీ లేదు. అపార్టుమెంటు కట్టే ఆయన బేరం కుదుర్చుకున్నాడు. మా అక్క పోయిన తరువాత ఆవిడ వాటా మేనల్లుడికి వచ్చింది గనుక, వాడి సంతకం కావాలి. రెండు పనులకూ సంబంధం లేదనుకునే విమానం ఎక్కాను.

ప్రాగ్‌ను అక్కడి వాళ్ళు ప్రాహా అంటారు. మధ్యలో వల్తావా నది. ఒక గట్టున పాత బజారు, రెండవ గట్టున కొండ, కొండ మీద కోట, కోటలో సెయింట్ వైటస్ దేవాలయం. గోపురాలు చూడాలంటే తల ఎత్తాలి, రాళ్ళు పరిచిన వీధి కాలికి తగలకుండా తల దించాలి. రెండింటి మధ్యా మెడనొప్పి ఖాయం. మా ఆవిడ మొదటి రోజే, "ఇక్కడ ఇళ్ళకు కూడా నగలు పెట్టారండీ!" అన్నది. నిజమే. ప్రతి ద్వారబంధం మీదా ఒక బొమ్మో, ఒక పుష్పమో, ఒక దేవతో.

అయితే ఆ నగలన్నీ తీసేసి, రాతినే వజ్రంలాగా కోసి ఇళ్ళు కట్టినవాళ్ళు కూడా ఆ వూళ్ళోనే వున్నారు. చెలెత్నా వీధిలో 'నల్ల మేరీమాత ఇల్లు' అని ఒకటి వుంది. యోసెఫ్ గొచార్ అనే వాస్తుశిల్పి 1911-12లో కట్టాడు. మూలన బంగారు పూత పూసిన పంజరంలో నల్లటి మేరీమాత విగ్రహం. అంతకు ముందు ఆ స్థలంలో వున్న పాత ఇంటిది. విగ్రహం పాతది, ఇల్లు మాత్రం క్యూబిస్టు. పారిస్‌లో పికాసో, బ్రాక్ ప్రభృతులు బొమ్మలలో చేసిన పనిని ఈ చెక్ కుర్రవాళ్ళు గోడలతో, కిటికీలతో, కుర్చీలతో, ఆఖరుకు టీ పాత్రలతో చేశారు. నిలువు, అడ్డం గీతలు జడమైనవనీ, ఏటవాలు గీతలోనే ప్రాణం వున్నదనీ పావెల్ యనాక్ సిద్ధాంతం. వాస్తులో క్యూబిజం ఇంతగా పండినది ఈ ఒక్క దేశంలోనే. వీష్రాద్ కొండ కింద నెక్లనోవా వీధి మలుపులో యోసెఫ్ ఖొఖొల్ 1913-14లో కట్టిన అద్దె ఇల్లు చూశాము. వీధులు రెండూ సూదిమొనలాగా కలిసేచోట, సన్నని స్తంభం ఒకటి చూరు దాకా లేచి, ఇల్లంతా దానికి వేలాడుతున్నట్లు కనిపిస్తుంది. ఆ ఏడాదే యుద్ధం వచ్చింది. కట్టేవాళ్ళు సైన్యంలోకి వెళ్ళారు, కట్టించేవాళ్ళు డబ్బు మూట కట్టేశారు. ఆ వూపు కొద్ది ఏళ్ళలోనే ముగిసింది.

మొదటి అంతస్తులో కాఫీ హోటలు వుంది. అందులో కూర్చుని కాఫీ తాగుతూ మేనల్లుడితో అన్నాను: "ఒరేయ్, ఈ ఇంటిని మా గ్రంథాలయానికి పట్టుకుపోవడం ఎలాగరా?"

"ఇంటిని పట్టుకుపోలేం మామయ్యా, ఫోటోలు పట్టుకుపోవాలి. ఈ వూళ్ళో ఫోటోలు తీసినవాళ్ళకు కొదవ లేదు" అన్నాడు.

ఆ మాటతో మరునాడు 22వ నంబరు ట్రాము ఎక్కి ఊయెజ్ద్ అనే చోట దిగాము. వీధిలోని మేడల వెనుక, చెట్ల నడుమ ఒక చిన్న చెక్క గది. యోసెఫ్ సుదెక్ అనే ఫోటోగ్రాఫరు స్టూడియో అది. పాతది 1985లో తగలబడిపోతే, 2000లో అచ్చు అలాగే తిరిగి కట్టారు. ఇప్పుడు అది చిన్న ప్రదర్శనశాల.

సుదెక్ కథ మన వాళ్ళు తెలుసుకోవలసిందే. 1896లో పుట్టాడు. నేర్చుకున్న వృత్తి పుస్తకాలకు బైండు కట్టడం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సరిహద్దుకు పంపారు; కుడి చెయ్యి పోయింది. ఒంటి చేతితో బైండింగు సాగదు గదా! అప్పుడు కెమెరా పట్టుకున్నాడు. అది కూడా జేబులో పట్టేది కాదు. ముక్కాలి పీట మీద నిలబెట్టి, నల్లగుడ్డ కింద తల దూర్చి తీసే పెట్టె కెమెరా. రెండు చేతులున్న వాళ్ళకే కష్టమైన పని. ఒళ్ళో పెట్టుకుని, అవసరమైతే పళ్ళతో పట్టుకుని పని కానిచ్చేవాడట.

1344లో పునాది వేసిన సెయింట్ వైటస్ దేవాలయం 1929 దాకా పూర్తి కాలేదు. అంటే 585 సంవత్సరాలు! ఆ చివరి రోజులలో, 1924 నుంచి నాలుగేళ్ళపాటు, సుదెక్ లోపల తిరిగి ఫోటోలు తీశాడు. దేవుడి బొమ్మలు కావు సుమా. పరంజాలు, తాళ్ళు, ఇసుక గుట్టలు, తోపుడు బళ్ళు, వాటి మీద పై కిటికీలలో నుంచి పడే వెలుగు. పనివాడు పార వదిలి భోజనానికి వెళ్ళిన వేళ వెలుగు దిగి వచ్చి పని అందుకున్నట్లు వుంటుంది. వాటిలో 15 ఫోటోలను 1928లో సంపుటంగా వేశారు.

తరువాత 1939లో జర్మన్లు దేశాన్ని ఆక్రమించారు. కెమెరాతో బజారున తిరగడం ప్రమాదం. సుదెక్ ఏం చేశాడు? తన చెక్క గది కిటికీనే ఫోటోలు తీశాడు. 1940 నుంచి 1954 దాకా అదే కిటికీ! మంచు పట్టిన అద్దం, వాన కారిన అద్దం, అద్దం వెనుక వంకర చెట్టు, ముందు గ్లాసులో ఒక గులాబి. మా ఆవిడ ఆ ఫోటోల ముందు చాలాసేపు నిలబడి, "వంటింటి కిటికీ దగ్గర ముప్ఫయి ఏళ్ళు నిలబడ్డాను, నాకూ ఇంత కనపడింది, తియ్యడానికి కెమెరా లేకపోయింది" అన్నది. దానికి నేనేమీ అనలేదు.

ఇంకొక యోసెఫ్ వున్నాడు. కౌడెల్కా. 1938లో పుట్టాడు; చదువు విమానాల ఇంజనీరింగు. 1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ కూటమి సైన్యాలు చెకొస్లొవేకియాలో ప్రవేశించాయి. తెల్లవారేసరికి ప్రాగ్ వీధులలో టాంకులు. కౌడెల్కా కెమెరా పట్టుకుని వీధిన పడ్డాడు. టాంకుల ఎదుట రొమ్ము విప్పి నిలబడ్డ మనిషి, ఏడుస్తున్న అవ్వలు, సైనికులతో వాదిస్తున్న విద్యార్థులు. ఒక ఫోటోలో ముందు ఒక చెయ్యి, దానికి గడియారం. వెనుక ఖాళీగా పడివున్న పెద్ద బజారు. నెగటివులు దొంగతనంగా సరిహద్దు దాటాయి. 1969లో విదేశీ పత్రికలు వాటిని అచ్చు వేసినప్పుడు తీసినవాడి పేరు వెయ్యలేదు. 'ప్రాగ్ ఫోటోగ్రాఫరు' అని రెండు పొడి అక్షరాలు మాత్రం వేశారు. వేస్తే ఇంట్లో వాళ్ళకు ముప్పు. ఆయన 1970లో దేశం విడిచాడు. 1984లో, తండ్రి పోయిన తరువాత గాని, అవి తనవని బయట పెట్టలేదు.

ఒకప్పుడు లంచమో, స్నేహమో, సాహసమో తోడు చేసుకుని సరిహద్దు దాటిన దేశపు ఫోటోలు ఈ రోజున ముద్రలు వేసిన పెట్టెల్లో, భీమా పత్రాలతో, రాజమర్యాదలతో వూళ్ళు తిరుగుతున్నాయి. ఆ మర్యాదలేమిటో ఒక మ్యూజియంలో స్వయంగా తెలుసుకున్నాను. ప్రదర్శనలు అరువిచ్చే విభాగంలో యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఓపికగా చెప్పారు.

అసలు ప్రింట్లు కావాలంటే తంతు ఇదీ. గదిలో వెలుగు 50 లక్సులకు మించరాదు. మన వేసవి మధ్యాహ్నపు ఎండ లక్ష లక్సుల దాకా వుంటుంది; కాబట్టి ఆ 50 అంటే దేవుడి గదిలో దీపం వెలుగు అనుకోండి. ఎండ పొడ తగలరాదు. వేడి, గాలిలో తేమ రాత్రింబవళ్ళు ఒకే తీరున వుండాలి. పెట్టెలు దిగిన వెంటనే తెరవరాదు. ఆ వూరి గాలికి అలవాటు పడేదాకా ఒక రోజైనా మూసి వుంచాలి. తెరిచినప్పుడు ఒక్కొక్క ఫోటోనూ పరీక్షించి, ఏ మూల ఏ గీత వున్నదో రాసుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు మళ్ళీ అదే పరీక్ష. భీమా మేకు నుంచి మేకు దాకా, అంటే అక్కడ గోడ దిగిన క్షణం నుంచి తిరిగి అదే గోడ ఎక్కేదాకా. మూడు నెలలు వెలుగు చూసిన ఫోటో కొన్నేళ్ళు చీకటిలో విశ్రాంతి తీసుకోవాలి.

నేను మా గ్రంథాలయం హాలును తలుచుకున్నాను. పడమటి వైపు నాలుగు కిటికీలు; సాయంత్రం ఎండ నేరుగా ఎదురు గోడ మీద పడుతుంది. వర్షాకాలంలో నిఘంటువులు ఉబ్బుతాయి. విన్న తరువాత, "అమ్మా, మాకు ఆ యోగం లేదు" అన్నాను.

ఆవిడ నవ్వి, "అందరికీ అసలే అక్కర్లేదు. పాఠశాలలకూ, చిన్న వూళ్ళ గ్రంథాలయాలకూ వేరే రకం వున్నది" అన్నారు. ఫోటోలను మళ్ళీ ముద్రించి, వివరాలతో సహా పలకల మీద అంటించినవి. వాటికి చల్లని గది అక్కర్లేదు. రవాణా ఖర్చు పెట్టుకుంటే పంపుతారు. దూరదేశమైతే కంప్యూటరు ఫైళ్ళు ఇస్తారు. అక్కడే అచ్చు వేయించుకోవచ్చు. షరతులు మూడు: తీసినవాడి పేరు వుండాలి, బొమ్మను కత్తిరించరాదు, రంగు పుయ్యరాదు.

"మా దేవాలయాలలోనూ ఇంతేనండి. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. నడవలేని ముసలివాళ్ళ కోసం, గుడికి రాలేని వాళ్ళ కోసం ఉత్సవ విగ్రహం వీధిలోకి వస్తుంది. దణ్ణం పెట్టేవాడు ఇది అసలా, నకలా అని అడగడు" అన్నాను. మేనల్లుడు అనువదించగా ఆవిడ కాగితం మీద ఆ మాట రాసుకున్నారు.

తరువాత వాస్తు పలకలు చూపించారు. ఒకదాని మీద జ్లీన్ పట్టణం: వరుసగా ఎర్ర ఇటుక ఇళ్ళు, నడుమ 16 అంతస్తుల కార్యాలయం. 1938లో వ్లదిమీర్ కార్ఫీక్ కట్టినది. యజమాని గది మొత్తం ఒక లిఫ్టు! బల్ల, కుర్చీ, చేతులు కడుక్కునే తొట్టితో సహా ఆయన ఏ అంతస్తుకు కావాలంటే ఆ అంతస్తుకు ఎక్కుతుంది. పలక మీది పేరు చూసి మా ఆవిడ, "ఇది మన బాటా చెప్పుల వాళ్ళ పేరు గదూ?" అన్నది. మన బాటాయే. వాళ్ళ నోట బాత్యా. 1894లో జ్లీన్‌లో మొదలైన కంపెనీ. 1930లలో కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున బాటానగర్ కట్టుకున్నది. బళ్ళు తెరిచే ముందు పిల్లల్ని బాటా కొట్టుకు తీసుకుపోయిన మన తలిదండ్రులలో అది చెక్ దేశపు పేరని ఎరిగినవారు ఎందరు?

అంతకన్నా దగ్గరి చుట్టరికం ఒకటి వుంది. ప్రాగ్ పక్కనే క్లాద్నోలో 1888లో పుట్టిన ఆంటొనిన్ రేమండ్ అనే వాస్తుశిల్పి, 1930ల చివరలో పుదుచ్చేరి అరవిందాశ్రమానికి ఒక వసతిగృహం రూపొందించాడు. దగ్గరుండి కట్టించిన వారిలో ఫ్రాంతిషెక్ సామర్ కూడా చెక్ దేశస్థుడే. కిటికీలకు అద్దాలు లేవు. గోడ పొడుగునా తెరిచి మూసే అడ్డపలకలు. గాలి వస్తుంది, ఎండ రాదు. దక్షిణాదిన తొలినాటి ఆధునిక కాంక్రీటు కట్టడాలలో అది ఒకటి. పేరేమిటనుకున్నారు? గోల్కొండ! హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాము నుంచి లక్ష రూపాయలు విరాళం వచ్చింది. ఆ కృతజ్ఞతకు ఆ పేరు. మన నేల మీది డబ్బు, వాళ్ళ నేల మీది బుర్ర, పుదుచ్చేరి గాలి. ఆ సంగతి చెబితే, "అయితే మీరు మా దగ్గర అరువు తీసుకోవడం లేదు, పాత బాకీ వసూలు చేసుకుంటున్నారు" అన్నారావిడ.

ఆ రాత్రి భోజనాలయ్యాక కాగితాల కట్ట బల్ల మీద పెట్టాను. మేనల్లుడు కలం తీశాడు, పెట్టబోయి ఆగాడు.

"మామయ్యా, మా ఆఫీసులో వాళ్ళు మీ అమ్మగారి ఇల్లు ఎలా వుంటుందని అడిగారు. ఇల్లంతా వెతికితే ఒకే ఒక్క ఫోటో దొరికింది" అని చూపించాడు. మా అక్క పెళ్ళినాటి గ్రూపు ఫోటో. నలభై మంది తలకాయల వెనుక, ఎవరో పెద్దమనిషి తలపాగా పక్కగా, మండువా స్తంభం జానెడు కనపడుతోంది. అంతే. నాలుగు తరాల ఇల్లు, జానెడు స్తంభం!

"ఇల్లు నిలబెట్టమని నేను అననులే. అయిదు వాటాల సంగతి నాకూ తెలుసు. సంతకం పెడతాను. కాని పలుగు దింపే ముందు నెల రోజులు గడువు అడుగు. సుదెక్ ఆ కిటికీని పధ్నాలుగేళ్ళు తీశాడు. మన ఇంటికి ఒక్క నెల ఇవ్వలేమా?" అన్నాడు. వాడి గొంతులో మా అక్క వినపడింది.

గడువు అడగడం చెప్పినంత సులువు కాలేదు. నెల ఆలస్యమైతే వడ్డీ ఎవరిస్తారని మా తమ్ముడు పట్టుపట్టాడు. చివరకు నా వాటాలో తగ్గించుకునే ఒప్పందం మీద ఒప్పుకున్నాడు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే కుర్రవాడిని పిలిచాము. మొదట, "మనుషులు లేకుండా ఏం తియ్యమంటారు సార్?" అని తెల్లబోయాడు. సుదెక్ ఫోటోలు చూపించాను. మూడవ రోజుకు తానే తెల్లవారుజామున వచ్చి, మండువాలోకి ఎండ దిగే వేళ కోసం కాచుకుని కూర్చున్నాడు. దూలాలు, వాసాలు, దీపపు గూళ్ళు, అరుగుల మీది పులిజూదం గీతలు, గుమ్మం మీద పిల్లల ఎత్తులు కొలిచిన గాట్లు అన్నీ తీశాడు. పాలిటెక్నిక్ విద్యార్థులు ఇద్దరు టేపు పట్టుకుని ఇంటి పటం గీశారు.

ప్రాగ్ ఫైళ్ళను మా వూరి ఫ్లెక్సీల దుకాణంలో అచ్చు వేయించాము. "నలుపు తెలుపు ఏం బాగుంటుంది సార్, కాస్త రంగు కొడదామా? కింద మా దుకాణం తరఫున శుభాకాంక్షలు వేస్తాను" అన్నాడు యజమాని. షరతులు మూడూ వల్లెవేసి, రెండూ వద్దని ఒప్పించాము. వార్షికోత్సవం నాడు హాలులో ఎడమ గోడకు ప్రాగ్, కుడి గోడకు మా మండువా. ముసలివాళ్ళు కుడి గోడ దగ్గర నిలబడి, ఏ అరుగు మీద ఏ తగవు తీరిందో చెప్పుకున్నారు. పిల్లలు ఎడమ గోడ దగ్గర టాంకులు చూసి, "తరువాత ఏమైంది?" అని అడిగారు. వారం రోజులు అనుకున్నది మూడు వారాలు సాగింది.

ఇల్లు ఇప్పుడు లేదు. స్తంభాలు ఎవరో హోటలు వారు కొనుక్కుపోయారు. ఫోటోలు మాత్రం గ్రంథాలయం అటక మీద, వడ్రంగి చేత చేయించిన పెట్టెలో వున్నాయి. మొన్న పక్క వూరి వారు వచ్చి అరువు అడిగారు. పెట్టెలో ఎన్ని పలకలు వున్నాయో, ఏ మూల ఏ గీత వున్నదో రాసి, సంతకం తీసుకుని ఇచ్చాము.

పాఠకులలో పాత ఇళ్ళున్నవారు చాలామంది వుంటారు. అమ్మినా, పడగొట్టినా అది మీ ఇష్టం, మీ అవసరం. కాని మీ చేతి ఫోనులోనే ఈ రోజుల్లో కెమెరా వున్నది గదా. పండుగనాడు మనుషులను కాస్త పక్కకు జరగమని, వెనుకనున్న స్తంభాన్ని కూడా ఒకసారి పూర్తిగా తీసి వుంచండి.